ఇంటి పెద్దలకు ఆపత్సమయ ఫోను – తక్కువ ఖర్చుతో ఎన్నుకొను విధము

వెల్దుర్తి ప్రాంతమున మిరప కోతలు, పత్తి తీతలు సాగు దినములలో పని చేయగలవారందరు తెల్లవారకముందే చేలకు పోవుదురు. చదువుకొన్న పిల్లలు హైదరాబాదులోనో, గుంటూరులోనో ఉద్యోగములు చేసికొనుచుందురు. పగలెల్ల ఇంటిపట్టున మిగులునది ముసలి తల్లియో, తండ్రియో మాత్రమే. వారు కాలుజారి పడినను, గుండెలో నొప్పి పుట్టినను, దొడ్డిలో పాము కరచినను ఎంత త్వరగా కబురు అందినదను దానిపైననే ప్రాణము ఆధారపడి యుండును.

ఆ కబురు అందించుటకు పెద్దల చేతిలో చిన్న ఫోను ఒకటి యున్న చాలును. అయితే ఫోను కొని యిచ్చినంత మాత్రమున పని తీరదు. రీచార్జి గడువు దాటిన ఫోను నీరు లేని బావికి బిగించిన మోటారు వంటిది. ఏ సిమ్, ఏ పథకము, ఏ ఫోను తీసికొన్నచో తక్కువ ఖర్చుతో ఏడాది పొడవున అక్కరకు వచ్చునో ఇచ్చట తెలిసికొందము.

గడువు సంగతి మరువరాదు

మన దేశమున 2003 మే 1 నుండి వచ్చు కాల్‌కు రుసుము లేదు. అందుచే పెద్దలు పలువురు "నేనెవరికి చేయను, వచ్చినవి మాట్లాడుదును, నాకు రీచార్జి ఎందుకు?" అందురు. ఈ మాట ఇప్పుడు చెల్లదు. 2018 చివర నుండి ప్రైవేటు కంపెనీలు కనీస రీచార్జి పద్ధతిని ప్రవేశపెట్టినవి. గడువు తీరగానే మన మెవరికిని కాల్ చేయలేము. మరికొన్ని దినములకు వచ్చు కాల్స్ కూడ నిలిచిపోవును. ఇంకను ఉపేక్షించినచో నంబరే రద్దగును. రద్దయిన నంబరును 90 దినములు గడచిన పిమ్మట కంపెనీ మరియొకరికి ఇయ్యవచ్చును. ఆ నంబరు ఆధారుకు, బ్యాంకు ఖాతాకు కలిపి యున్నచో రహస్య అంకె లన్నియు పరుల చేతికి పోవును. కావున పెద్దల ఫోనుకు గడువే ప్రధానము, తక్కినవన్నియు తరువాతివి.

పథకము ఖరీదు లెక్కించు విధము

28 దినముల పథకము నెల పథకము కాదు. దానిని ఏడాదికి 12 మార్లు కాక 13 మార్లు వేయింపవలసి వచ్చును. ఒక్క మారు మరచినను ఫోను మూగపోవును. కావున పెద్దలకు దీర్ఘకాలపు పథకమే మేలు.

ఇంటర్నెట్ అక్కర లేనివారికి అనుకూలమైన నియమము ఒకటి వచ్చినది. కేవలము మాటలకు, సందేశములకు పనికివచ్చు పథకము ఒకటైనను ప్రతి కంపెనీయు అమ్మవలెనని, ఇట్టి పథకముల గడువు 365 దినముల వరకు ఉండవచ్చునని ట్రాయ్ సంస్థ 2024 డిసెంబరులో ఆదేశించినది. దాని ననుసరించి 2025 ఆరంభమున ప్రకటించిన ధరలు కొన్ని ఇట్లున్నవి:

ఎయిర్‌టెల్: 84 దినములకు రూ. 469; 365 దినములకు రూ. 1,849.
జియో: 84 దినములకు రూ. 448, 336 దినములకు రూ. 1,748.

పైకి చూచినచో రూ. 1,748 పథకము చౌకగా కనబడును. కాని దాని గడువు ఏడాదికి 29 దినములు తక్కువ. ధరను దినములచే భాగించి 365 చే హెచ్చవేసినచో సంవత్సరమునకు సుమారు రూ. 1,899 పడును. ఇదే రీతిని లెక్కించినచో రూ. 448 పథకమునకు సుమారు రూ. 1,947, రూ. 469 పథకమునకు సుమారు రూ. 2,038 అగును. అన్నింటిలో రూ. 1,849 పథకమే తక్కువ. దినమునకు 5 రూపాయల 7 పైసలు. ధరలు మారుచుండును, లెక్క మాత్రము మారదు. దుకాణమునకు పోయిన దినమున నాటి ధరలతో ఈ లెక్క వేసి చూచికొనుడు. ఇంటర్నెట్ కలిసిన పథకమును అంటగట్టబోయినచో "మాటల పథకము మాత్రమే చాలును" అని స్పష్టముగా అడుగుడు.

ఒక్కమారు అంత సొమ్ము పెట్టుట కష్టమనువారు పింఛను దినముతో ముడివేసికొనవచ్చును. 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000 అయినది, ఏడాది పథకము ఖర్చు ఒక నెల పింఛనులో సగము కంటె తక్కువే. నెలనెల వేయించువారు 30 దినముల పథకమునో, ప్రతి నెల ఒకే తేదీన వచ్చు పథకమునో కోరవలెను. ఇట్టివి తప్పక ఉంచవలెనని ట్రాయ్ 2022 జనవరిలో నియమము చేసినది. పట్నమున ఉన్న కొడుకో, కూతురో భరించునట్లయిన సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఏడాది పథకము వేయించి పోవుట సులువు. పండుగ నుండి పండుగకు లెక్క మరపునకు రాదు.

సిగ్నల్ చూచిన పిమ్మటనే సిమ్

నేల చూడక విత్తనము కొనరాదు. సిగ్నల్ చూడక సిమ్ కొనరాదు. నల్లమల అంచున, కొండ చాటున ఉన్న ఊళ్లలోను, తండాలలోను ఒక వీధిలో అందిన కంపెనీ సిగ్నల్ పక్క వీధిలో అందకపోవచ్చును. ఇరుగుపొరుగువారి ఫోన్లను తీసికొని పెద్దలు పడుకొను మంచము వద్ద, దొడ్డిలో, పశువుల కొట్టము వద్ద నిలిచి కాల్ చేసి చూడుడు. మబ్బు పట్టినప్పుడు, కరెంటు పోయినప్పుడు కూడ పరీక్షింపుడు. చౌక పథకమైనను మంచము వద్ద మాట వినబడనిచో అది నిష్ప్రయోజనము.

జియోకు 2జి లేదు. పాత 2జి కీప్యాడు ఫోనులో ఆ సిమ్ పనిచేయదు. ఆ కంపెనీ 2023 జూలైలో రూ. 999 ధరకు తెచ్చిన జియోభారత్ ఫోనుకు ప్రత్యేకమైన చౌక పథకము లున్నవి గాని, అవి ఆ ఫోనునందే చెల్లును. ప్రభుత్వ సంస్థ యగు బి.యస్.యన్.ఎల్. స్వదేశీ 4జి సేవలు 2025 సెప్టెంబరు 27న ప్రారంభమైనవి. మీ ఇంటికి దాని టవరు అందినచో ఆ పథకముల ఖరీదు కూడ విచారింపుడు.

కంపెనీ మార్చుటకు నంబరు మార్చనక్కర లేదు. ఒక కంపెనీలో 90 దినములు గడచినచో 1900 కు "పోర్ట్" సందేశము పంపి, వచ్చిన అంకెతో కొత్త కంపెనీ దుకాణమునకు పోయిన చాలును. సిమ్ పెద్దల పేరనే ఉండవలెను. వేలిముద్ర సరిగా పడలేదని మరల మరల వేయించినచో ఎందుకని అడుగుడు. ఆ ముద్రతో వేరొక సిమ్ తీయు మోసములు కలవు.

ఫోనును సిద్ధము చేయుట

1. పెద్ద మీటలు, గట్టి మ్రోత, టార్చి లైటు గల కీప్యాడు ఫోను చాలును.

2. మీట 2 నొక్కి పట్టినచో దగ్గరనున్న బంధువుకు, 3 నొక్కినచో పొరుగింటికి, 4 నొక్కినచో దూరమున ఉన్న బిడ్డకు పోవునట్లు అమర్చుడు. మొదటి నంబరు పది నిమిషములలో రాగలవారిదై యుండవలెను. హైదరాబాదులో ఉన్న కొడుకు ఏడ్వగలడు గాని ఎత్తుకొని పోలేడు.

3. 2017 జనవరి నుండి అమ్ము ఫోన్లలో ఆపద మీట ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. కీప్యాడు ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టినచో 112 కు కాల్ పోవును. మీ ఫోనులో ఏ మీటయో తెలిసికొని పెద్దలకు చూపుడు.

4. ప్రతి రాత్రి ఒకే చోట, ఒకే వేళకు చార్జింగు పెట్టు అలవాటు చేయింపుడు. పగలు మెడలో త్రాటికి వ్రేలాడదీసినచో పడిపోయినప్పుడు చేతికందును.

గోడపై వ్రాయవలసిన నంబర్లు

112 – పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయము లన్నింటికి.
108 – అంబులెన్సు. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది.
14567 – వృద్ధుల సహాయ కేంద్రము. ఉదయము 8 నుండి రాత్రి 8 వరకు.
1930 – ఫోను ద్వారా సొమ్ము పోయినచో వెంటనే తెలుపుటకు.

వీనిని పెద్ద అక్షరములతో మంచము ఎదుటి గోడపై వ్రాయుడు. క్రింద ఊరు, మండలము, ఇంటికి గుర్తు (గుడి, బడి, చెరువు కట్ట) కూడ వ్రాయుడు. ఆపదలో ఉన్నవారికి సొంత ఊరి పేరు కూడ నోట రాదు. వెల్దుర్తి అను పేరుగల ఊళ్లు మరికొన్ని జిల్లాలలో కూడ కలవు గనుక "పల్నాడు జిల్లా, మాచర్ల దగ్గర" అని చెప్పుట నేర్పుడు. అవతలివారు ఫోను పెట్టువరకు తాము పెట్టరాదు. నెలకొకమారు పెద్దలచేతనే మీట నొక్కించి బంధువుకు కాల్ చేయించుచుండుడు. చేతికి అలవడని పని ఆపదలో జరుగదు.

మోసగాండ్రు

చేతికి ఫోను వచ్చిన నాటి నుండి మోసగాండ్రును వత్తురు. పింఛను ఆగినదని, బ్యాంకు ఖాతా మూతపడునని, మీపై కేసున్నదని బెదరింతురు. ఫోనులో అరెస్టు చేయు పద్ధతి మన చట్టములలో లేదు. ఫోనుకు వచ్చిన రహస్య అంకెను ఎవరడిగినను చెప్పరాదు. తెలియని గొంతు సొమ్ము మాట ఎత్తగానే ఫోను పెట్టివేయుట అమర్యాద కాదని పెద్దలకు నచ్చజెప్పుడు.

గ్రామోద్యోగులకు మనవి

పింఛను పంచుటకు ఇంటింటికి పోవునప్పుడు ఒంటరిగా ఉన్న వృద్ధులను రెండు ప్రశ్నలు అడుగుడు: "ఫోను పలుకుచున్నదా? రీచార్జి ఎప్పటివరకు ఉన్నది?" గడువు దగ్గరపడిన వారి బిడ్డలకు ఒక మాట తెలుపుడు. రైతు సోదరులారా, ఈ రాత్రి చేను నుండి వచ్చిన వెంటనే మీ ఇంటి పెద్దల ఫోను తీసి గడువు తేదీ చూడుడు. దానిని గోడపై క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టుడు.