పరదేశ విమానమునకు సారథ్యము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు ఉపాధికై వెళ్లుట మనకు క్రొత్త కాదు. మనవారు ప్రయాణికులుగా కూర్చుండు ఆ విమానమును నడుపు కెప్టెన్ కూడ అనేక పర్యాయములు పరదేశీయుడే. అతడును జీతమునకు వచ్చినవాడే. ఇరువురి స్థితిగతులలో ఇంత అంతరమెందుకు కలుగుచున్నదో విద్యార్థులు తెలిసికొనవలెనని మా అభిలాష.

మొదట 'కెప్టెన్' అను పదమును పరిశీలింతము. దీనికి మూలమైన లాటిను పదమునకు 'తల' యని అర్థము. ఉర్దూలో 'కప్తాన్' అనియు, తెలుగులో 'కప్తాను' అనియు ఇది వాడుకకెక్కినది. 'విమాన చాలకుడు' అన్నచో నడుపుట మాత్రమే స్ఫురించును, నిర్ణయించుట స్ఫురింపదు. విమానము తన ఆధీనములోనున్నంతవరకు దానిని గూర్చిన తుది నిర్ణయము కెప్టెన్‌దే యని అంతర్జాతీయ నియమము. వాతావరణము అనుకూలింపనిచో దిగక మరలిపోవుటకును అతనికి అధికారము కలదు. యజమాని పరదేశీయుడైనను ఈ అధికారము తగ్గదు.

ఈ అధికారమునకు ఆధారము లైసెన్సు. 1944లో చికాగో నగరమున కుదిరిన ఒడంబడికలోని 32వ అధికరణము ప్రకారము, విమానము ఏ దేశమున నమోదైనదో ఆ దేశమే లైసెన్సు నియ్యవలెను, లేదా అన్యదేశపు లైసెన్సును అంగీకరింపవలెను. కనుక మనదేశపు లైసెన్సుతో దుబాయి విమానసంస్థలో చేరగోరువాడు అచ్చటి ప్రభుత్వాంగీకారము పొందవలెను. కనీస ప్రమాణములు దేశములకు ఉమ్మడివగుటచే అతని విద్య సరిహద్దు దాటినను విలువ కోల్పోదు.

ఆ ప్రమాణములు సులభమైనవి కావు. మనదేశమున వాణిజ్య లైసెన్సుకు 18 ఏండ్ల వయస్సు, 200 గంటల విమానచాలనము కావలెను. కెప్టెన్ పదవికి వలయు ఉన్నత లైసెన్సుకు 21 ఏండ్లు, 1500 గంటలు. ఆంగ్లభాషా పరిజ్ఞానమున ఆరు మెట్లలో కనీసము నాల్గవ మెట్టు అందుకొనవలెను. ఉద్యోగము విడిచి వెళ్లుటకు సైతము కాలము పట్టును: కెప్టెన్లు ఒక సంవత్సరము ముందుగా నోటీసు ఇయ్యవలెనని 2017లో మన పౌర విమానయాన డైరెక్టరేట్ నిర్దేశించినది.

తాపీపనివాని నైపుణ్యము తక్కువదని మేము చెప్పుట లేదు. అతని చేతిపనికి సర్వదేశములు మన్నించు పత్రము లేదు. అందుచే మధ్యవర్తి మాటయే అతనికి ఆధారమగుచున్నది. 1983 నాటి వలసల చట్టము క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని కార్మికులు గల్ఫు దేశములకు వెళ్లుటకు ప్రభుత్వపు ప్రత్యేకానుమతి అవసరమైనది. బడి విడిచిననాడే ఈ అంతరము మొదలైనదన్నమాట.

ధనము పెద్ద అడ్డంకి యనుట సత్యమే. అయినను హైదరాబాదులో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా దాతల తోడ్పాటుతో శిక్షణ పొంది వాణిజ్య లైసెన్సు సంపాదించినది. దాత చేయి చాచునాటికి విద్యార్థి సిద్ధముగా నుండవలెను. ఇంటర్మీడియట్‌లో భౌతిక, గణిత శాస్త్రములు చదివినవారికే ఈ మార్గము చిరకాలముగా తెరువబడినది. చదువనివారు సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా ఆ పరీక్షలు వ్రాయవచ్చును. శిక్షణకు ధనము చెల్లింపకమునుపే వైద్యపరీక్ష చేయించుకొనుట వివేకము. పొలమమ్మిన పిదప దృష్టిలోపము బయటపడినచో ఆ కుటుంబమునకు దిక్కెవ్వరు?

ఈ విషయములు తెలుపు చిన్న సలహాకేంద్రమును, అర్హులకు వైద్యపరీక్ష రుసుమును మన కార్యవర్గము సమకూర్చినచో, మన పిల్లలలో ఒకరైనను ఆ ముందుగదిలో కూర్చుండగలరని మా విశ్వాసము.