ఆగ్రహం - పదపరిశీలన

తెలుగులో కోపాన్ని తెలిపే పదాలకు కొదవ లేదు. పసివాడిది అలక, ప్రియమైనవారి మధ్య కలిగేది కినుక, అందరికీ వచ్చేది కోపం. అదే తీవ్రమై గౌరవింపదగినవారి యందు కనిపించినపుడు ఆగ్రహం అంటారు. దుర్వాసునకు ఆగ్రహం కలుగుతుంది. అన్నం ఆలస్యమైనందుకు పిల్లవాడు ఆగ్రహించాడంటే వినేవారు నవ్వుతారు.

ఈ పదానికి మూలం సంస్కృతంలోని ‘గ్రహ్’ ధాతువు. పట్టుకొనుట అని దాని అర్థం. ఉపసర్గ మారినప్పుడల్లా ఆ పట్టు తీరు మారుతుంది. అదుపులో పట్టి ఉంచితే నిగ్రహం, దయతో చేరదీస్తే అనుగ్రహం. ‘ఆ’ అన్న ఉపసర్గ చేరి ఏర్పడిన ఆగ్రహానికి సంస్కృతంలో ప్రధానార్థం కోపం కాదు, విడువని పట్టుదల. మరాఠీలో నేటికీ అదే అర్థం. నిజామాబాదు జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దుకు చేరువగా ఉన్న బోధన్ ప్రాంతంలో మరాఠీ కూడా వినిపిస్తుంది. అక్కడ మరాఠీ ఇల్లాలు అతిథికి ‘ఆగ్రహం’ చేసి మరొక పోలె వడ్డిస్తే అది కోపం కాదు, కొసరి కొసరి పెట్టే ఆదరణ!

గాంధీజీ దక్షిణాఫ్రికాలో రూపొందించిన సత్యాగ్రహం అన్న సమాసంలో ఉన్నదీ ఈ పట్టుదలే. సత్య + ఆగ్రహం, సవర్ణదీర్ఘ సంధి. దీనికి సత్యం కొరకు కోపగించుట అని అర్థం చెప్పరాదు.

తెలుగులో మాత్రం కోపమన్న అర్థమే స్థిరపడింది. ప్రాచీన కావ్యాలలో ఎక్కువగా దేవతలకు, మునులకు, రాజులకు చెల్లిన ఈ మాట ఆధునిక కాలంలో ప్రజలకు దక్కింది. నిజాం పాలనను ధిక్కరించి నిజామాబాదు జైలులో బందీ అయిన దాశరథి కృష్ణమాచార్య అక్కడి గోడపై బొగ్గుతో పద్యాలు వ్రాశారు. 1949లో వెలువడిన ఆయన కవితాసంపుటి పేరు ‘అగ్నిధార’. అటువంటి కవిత్వంలోని భావాన్ని ధర్మాగ్రహం అంటారే కాని ధర్మకోపం అనరు.

బోధన్‌లో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. నరికిన చెరకును వెంటనే గానుగకు చేర్చకపోతే బరువు, తీపి రెండూ తగ్గుతాయి. కనుక రైతు వేచి ఉండలేడు. ఇట్టి సందర్భాలలో పత్రికలు ‘రైతుల ఆగ్రహం’ అని శీర్షిక పెడతాయి. అందులో కోపం ఉన్నది. రోడ్డుపై బైఠాయించి కదలని పట్టు కూడా ఉన్నది.