చెదరిన పద్దులు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కలదు. పెద్దింట్లమ్మ దేవళముచే ప్రసిద్ధి గాంచిన కొల్లేటికోట అందలి గ్రామమే. దాని చుట్టును లంక గ్రామములు పెక్కు గలవు. రోడ్లు లేని దినములలో ఒక లంకనుండి మఱియొక లంకకు పోవలెనన్న తాటిదోనెయే బండి, తాటిదోనెయే గుఱ్ఱము.

ఒక గృహస్థునకు పది ధాన్యపు బస్తాలు గలవనుకొనుడు. పదియు కొల్లేటికోట రేవునందే యున్నచో దోనెవాడు ఒక్క పయనమున తెచ్చును. లంక కొక బస్తా చొప్పున చెదరియున్నచో నేమగును? బస్తా నెత్తుటకు పట్టు కాలము పెరుగదు. గెడ వేయుటకే ప్రొద్దు చాలదు. కంప్యూటరులోని హార్డుడిస్కునకును ఇట్టి యిబ్బందియే కలుగును.

నేడు కొల్లేటి ప్రాంతపు చేపలు లారీలపై కోల్‌కతా వంటి దూరపు పట్టణములకు పోవుచున్నవి. అట్టి వ్యాపారమున పద్దులు కంప్యూటరులో వ్రాయుట సామాన్యమైనది. ఆ పద్దులు దాగియుండు హార్డుడిస్కు ఒక మూసిన పెట్టె. అందు అయస్కాంతపు పూతగల గుండ్రని పళ్ళెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగుచుండును. వెండ్రుక మందముకన్న మిక్కిలి తక్కువ యెడముతో, చదువుటకును వ్రాయుటకును ఏర్పడిన ‘తల’ వానిపై ఇటునటు కదలుచుండును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కులో ఇట్టి పళ్ళెములు 50 ఉండెను. అంత పెద్ద యంత్రమును దాచగలిగినది సుమారు 50 లక్షల అక్షరములే!

డిస్కుపై చోటు చిన్న చిన్న గదులుగా విభజింపబడియుండును. విండోసునందు ఒక్కొక్క గది సాధారణముగా 4 కిలోబైట్లు. పద్దుల ఫైలు మొదట వరుస గదులలో నుండును. మరునాడు దాని ప్రక్కన ఒక ఫోటో వచ్చి చేరును. పద్దు పెరిగినపుడు ప్రక్క చోటు దొరకక, తరువాతి ముక్క దూరమున వ్రాయబడును. పాత ఫైళ్లను చెఱిపినపుడు నడుమ నడుమ ఖాళీలేర్పడును. ఆ ఖాళీలో పట్టని క్రొత్త ఫైలు రెండు మూడు చోట్లకు ప్రాకును. ఏ ముక్క యెచ్చట నున్నదో తెలుపు పట్టిక యొకటి యుండుటచే ఏదియు పోదు. ఆలస్యము మాత్రము తప్పదు.

నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు పళ్ళెమునకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకండ్లు. కోరిన గది తల క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము పట్టును. తల కదలుటకు మఱి సుమారు 9 పట్టును. వెరసి ముక్కకు 13 మిల్లీసెకండ్లు. వేయి ముక్కలైన ఫైలునకు వెదకుటయే 13 సెకండ్లు! లారీ బయలుదేర నున్న వేళ అది చిన్న కాలము కాదు.

ముక్కలను మరల ఒక్కచోట చేర్చు పనికి డీఫ్రాగ్మెంటేషన్ అని పేరు. ప్రోగ్రాము ప్రతి ముక్కను ఖాళీ చోటికి నకలు చేసి, ఒకదాని ప్రక్క నొకటి నిలిపి, పట్టికను సరిదిద్దును. పద్దులో ఒక్క అంకెయు మారదు. ఈ పనికి డిస్కులో కొంత ఖాళీ తప్పక యుండవలెను; కిక్కిరిసిన కొట్టులో బస్తాలు సర్దుట యెవరి తరము? 1993లో వచ్చిన ఎం.ఎస్. డాస్ 6లో ఈ సాధనము చేర్చబడెను. 2007లో విడుదలయైన విండోస్ విస్టా దీనిని వారమున కొకమారు తనంతట తానే చేయునట్లు ఏర్పాటు చేసెను.

కంప్యూటరు మందగించినపుడెల్ల దీనినే మందుగా వాడువారు కలరు. అది యుక్తము కాదు. జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, చాలని యంత్రమునకు దీనివలన ప్రయోజనము స్వల్పము. ఎస్.ఎస్.డి. యను క్రొత్త డిస్కునకైతే ఇది హానియే. అందు తిరుగు పళ్ళెము లేదు, కదలు తల లేదు. ముక్కలు దూరముగా నున్నను దగ్గరగా నున్నను అందుకొను కాలమున ఇంచుమించు భేదము లేదు. పైగా అందలి కణములు కొన్ని మార్లు వ్రాయబడిన పిదప అరిగిపోవును. ముక్కలను ఊరక త్రిప్పి వ్రాసినచో ఆయువు తరుగును. అందుచేతనే 2009 నాటి విండోస్ 7 ఎస్.ఎస్.డి.లకు ఈ వారపు పనిని నిలిపివేసెను.

పాత హార్డుడిస్కు టకటకమని చప్పుడు చేయుచున్నచో దాని తలయో పళ్ళెమో చెడుచున్నదని అనుమానింపవలెను. అట్టి దానిని గంటల తరబడి సర్దింపబూనినచో ఆ శ్రమకే అది పూర్తిగా నిలిచిపోవచ్చును; సంవత్సరముల పద్దులు దానితోనే పోవును. ఎఱిగినవారు ముందుగా పద్దులను వేఱొక డిస్కునకు నకలు చేసికొందురు. ఆ పాత డిస్కును మరల సర్దుటకు పూనుకొనరు.