చీటీ మీద జబ్బు పేరుంటే హక్కులు పోతాయా?

ప్రశ్న: లాయరు గారూ, మాది కోనసీమ. మా అబ్బాయికి ముప్పై నిండుతున్నాయి. బీటెక్ పాసై హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు, నిలబడలేక కొన్నాళ్లకే మానేసి వచ్చేశాడు. మీటింగులో మాట్లాడమంటే గొంతు పూడుకుపోయేదట, ఫోను మోగితే చేతులు వణికేవట. అప్పట్నుంచీ ఇంట్లోనే ఉంటున్నాడండి. చుట్టాలొస్తే గదిలోంచి రాడు. ఇంటర్వ్యూ ఉందంటే ముందు రోజు నుంచే అన్నం ముట్టడు. రాజమండ్రిలో డాక్టరు గారు సోషల్ యాంగ్జయిటీ అని రాసి మందులిచ్చారు. ఆ చీటీ ఎవరి కంటా పడకూడదని మా వారు బీరువాలో దాచేశారు. ఆయన రిటైరైన గవర్నమెంటు టీచరు. తాతగారి పొలం పంపకాలు జరుగుతున్నాయి. మా మరిది గారేమో, "మతి సరిగా లేనోడి పేరున పొలం పెడితే చెల్లదు, వాడి చేత నాకు జీపీఏ రాయించండి, నేను చూసుకుంటా" అంటున్నారు. నిరుద్యోగ భృతి గానీ పింఛను గానీ ఏమైనా వస్తుందాండి? సంబంధాలు వస్తుంటే ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ చీటీని బీరువాలోంచి తీయించండి. దాని మీద రాసిన జబ్బు పేరు వల్ల మీ అబ్బాయికి పోయే హక్కు ఒక్కటీ లేదు. కొత్తగా అడగగలిగే హక్కులు కొన్ని ఉన్నాయి. అవి అడగాలంటే ఆ చీటీ, దాని వెనక ఇన్నేళ్ల వైద్యం కాగితాలు చేతిలో ఉండాలి.

మీ వారి భయం నాకు అర్థమవుతుంది. విశాఖ మానసిక ఆసుపత్రి పేరెత్తితే గొంతు తగ్గించే ఇళ్లు మన గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. 1912 నాటి ఉన్మాదుల చట్టం మనిషిని బంధించడం గురించే ఎక్కువగా ఆలోచించింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమలవుతోంది. దీని 3వ సెక్షను మీ మరిది గారికి చదివి వినిపించదగ్గది. ఒకరికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, అతన్ని మతిస్థిమితం లేనివాడిగా లెక్కగట్టకూడదని అందులో ఉంది. నలుగురిలో మాట్లాడలేకపోవడానికీ, మంచిచెడ్డలు తెలియకపోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో మీకు నేను చెప్పాలా? తను ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో మీ అబ్బాయికి పూర్తిగా తెలుసు. చట్టం చూసేది దాన్నే.

అదే చట్టంలో 23వ సెక్షను రోగి వివరాల గోప్యత గురించినది. చట్టం చెప్పిన కొద్ది మినహాయింపులు తప్పితే, డాక్టరు ఆ వివరాలు బంధువులకు గానీ, పెళ్లి వారికి గానీ, కంపెనీకి గానీ చెప్పడానికి వీల్లేదు. 25వ సెక్షను ప్రకారం తన వైద్య రికార్డులు చూసుకునే హక్కు మీ అబ్బాయికి ఉంది. పాత ప్రిస్క్రిప్షన్లు పోయి ఉంటే ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించండి. అతను మేజరు కాబట్టి వైద్యం విషయంలో మాట అతనిదే. మీరు తోడుండి మాట్లాడాలనుకుంటే, 14వ సెక్షను కింద మిమ్మల్ని తన ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు.

ఇక పొలం సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. పూర్వపు హిందూ న్యాయంలో మతి లేనివారికి, కొన్ని జబ్బులున్నవారికి వాటా ఇవ్వని పద్ధతి ఉండేది. 1928లో వచ్చిన చట్టం దాన్ని చాలావరకు తీసేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను మిగతాదీ తేల్చేసింది. జబ్బు, లోపం, వైకల్యం ఏదైనా సరే, ఆ కారణంతో ఎవరినీ వారసత్వానికి అనర్హులను చేయకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షను ఇంకాస్త ముందుకెళ్లి, ఆస్తి కలిగి ఉండటానికీ, తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకోవడానికీ అందరితో సమానమైన హక్కు ఇచ్చింది. మీ మరిది గారు అన్నట్టు "చెల్లకపోవడం" అనేది ఎక్కడా లేదు.

జీపీఏ మాత్రం రాయించకండి. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. అది ఇచ్చారంటే, అందులో రాసిన మాటలను బట్టి, అమ్మే అధికారం కూడా వెళ్లిపోవచ్చు. కొబ్బరి తోట అమ్ముడైపోయాక, చెరువుగా తవ్వేశాక కోర్టుకెళ్లి ఏళ్లు గడిపిన కుటుంబాలు మన డెల్టాలో చాలానే ఉన్నాయి. రిజిస్ట్రారు ఆఫీసులో జనం మధ్య నిలబడలేడన్నదే ఇబ్బంది అయితే దానికి దారులున్నాయి. స్లాట్ బుక్ చేసుకుని రద్దీ లేని వేళకు వెళ్లవచ్చు. తగిన కారణం చూపితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి దస్తావేజు తీసుకోవడానికి రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షను అవకాశం ఇస్తోంది. మరీ తప్పదంటే ఒక్క పనికి మాత్రమే పరిమితమైన స్పెషల్ పవర్, అదీ మీ పేరున గానీ మీ వారి పేరున గానీ ఉండాలి. ఇప్పటికే జీపీఏ ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా రద్దు పత్రం రిజిస్టరు చేయించి, మీ మరిది గారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. లీగల్ గార్డియన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటామని ఎవరైనా అంటే నమ్మకండి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇచ్చే సంరక్షకత్వం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంబంధించినది. మీ అబ్బాయి అందులోకి రాడు.

ఉద్యోగం దగ్గరికొస్తే, "వైకల్యం లెక్కగట్టే సదరంలో నలభై శాతం రాకపోతే ఏ హక్కూ లేదట గదా" అని చాలామంది అడుగుతారు. సగమే నిజం. 2016 చట్టం కింద ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతం ఆటిజం, మానసిక అనారోగ్యం వంటి వర్గాలకు కలిపి కేటాయించారు. దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తప్పనిసరి. కానీ వివక్ష చూపకూడదన్న హక్కుకూ, తగిన సర్దుబాటు చేయాలన్న హక్కుకూ ఆ 40 శాతం అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. ఆ అభ్యర్థికి చేతి కండరాలు పట్టేసే జబ్బు ఉంది. 40 శాతం లేదు కనుక పరీక్షలో సహాయకుణ్ని ఇవ్వబోమని యూపీఎస్సీ అంది. ఆ వాదన చెల్లదని కోర్టు తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో రవీందర్ కుమార్ ధారీవాల్ కేసు వచ్చింది. ఓసీడీ, డిప్రెషన్ ఉన్న సీఆర్పీఎఫ్ అధికారిపై క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టడం పరోక్ష వివక్ష కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జులైలో, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి మన రాష్ట్ర ప్రభుత్వంపై వేసిన కేసులో, మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ఆ కోర్టే ప్రకటించింది.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఈ సర్దుబాటు హక్కు ప్రభుత్వ సంస్థల మీద గట్టిగా పనిచేస్తుంది. ప్రైవేటు కంపెనీల మీద అంత పదును లేదు. సమాన అవకాశాల విధానం అంటూ ఒకటి ప్రకటించమని 2016 చట్టం 21వ సెక్షను అన్ని సంస్థలకూ చెబుతోంది. ఆ విధానాన్ని చూపించి అడగవచ్చు. మీ అబ్బాయి మళ్లీ ఉద్యోగంలో చేరితే, ఇబ్బంది మొదలైన రోజునే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టమనండి. ఫోను బదులు చాట్‌లో పని చేయనివ్వమనీ, కొన్నాళ్లు పెద్ద మీటింగుల్లో మాట్లాడే పని పెట్టవద్దనీ, డాక్టరు ఉత్తరం జతచేసి అడగాలి. కిందటిసారి రాజీనామా ఇచ్చి వచ్చేశాడు కనుక ఆ కంపెనీని ఇప్పుడు నిలదీయడం కష్టం. రాజీనామాకు ముందు రాసిన ఒక్క మెయిలుంటే సంగతి వేరేగా ఉండేది.

ఇంటర్వ్యూ లేని ఉద్యోగాలు నిజంగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి ఉద్యోగాలకూ, గ్రూప్ బిలోని నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకూ ఇంటర్వ్యూలు ఎత్తేసింది. మన రాష్ట్రంలో 2019లో సచివాలయ ఉద్యోగాలు రాతపరీక్షతోనే భర్తీ అయ్యాయి. బ్యాంకు క్లర్కు పరీక్షలోనూ ఇంటర్వ్యూ లేదు. ఈ దారి మీ అబ్బాయికి చెప్పండి.

మీలాంటి తల్లుల దగ్గరికి ఇంకో రకం మనుషులు కూడా వస్తారు. "ఇంటర్వ్యూ అక్కర్లేదమ్మా, బ్యాక్‌డోర్‌లో ఎక్కించేస్తాం, అయిదు లక్షలు కట్టండి" అంటారు. మరొకరు నాలుగేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కాగితాలు పుట్టించి ఇస్తామంటారు. ఇంటర్వ్యూ పేరెత్తితే వణికే పిల్లవాడున్న ఇంటినే వీళ్లు వెతుక్కుంటూ వస్తారు. పొలం తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. నకిలీ సర్టిఫికెట్ అని తెలిసి వాడితే ఫోర్జరీ కేసు అబ్బాయి మీద పడుతుంది. ప్రభుత్వోద్యోగం కోసం లంచం ఇస్తే, 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్తుడే. ఇప్పటికే ఎవరికైనా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. చేతికిచ్చి ఉంటే పోలీసు స్టేషన్లో మోసం కేసు పెట్టండి. బయోడేటాలో ఖాళీగా ఉన్న ఏళ్లకు జబ్బు పేరు రాయాలని ఏ చట్టమూ బలవంతం చేయదు. "ఆరోగ్య కారణాలు" అని రాస్తే చాలు, అబద్ధం రాయనక్కర్లేదు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. నిరుద్యోగ భృతి మన దేశంలో అందరికీ వర్తించే చట్టబద్ధమైన హక్కు కాదు. రాజ్యాంగం 41వ అధికరణంలో నిరుద్యోగం, జబ్బు, వైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సహాయం గురించి ఉంది గానీ, దాన్ని చూపి కోర్టులో దావా వేయలేం. 2018 అక్టోబరు 2న మన రాష్ట్రంలో మొదలైన యువనేస్తం భృతి ప్రభుత్వం మారాక ఆగిపోయింది. పథకాలు అంతే, వస్తాయి, పోతాయి. ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. దానికి సదరం సర్టిఫికెట్ ఉండాలి. ప్రభుత్వ పింఛనుదారు ఉన్న కుటుంబానికి అది సాధారణంగా రాదు కనుక మీరు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

సదరం క్యాంపులో మానసిక అనారోగ్యాన్ని కొలిచేటప్పుడు నాలుగు విషయాలు చూస్తారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కూడా కలుపుతారు. ఒక్క సోషల్ యాంగ్జయిటీతో 40 శాతం వస్తుందని నేను మాటివ్వలేను. వైద్యం కాగితాలు ఏళ్ల వారీగా ఉంటే లెక్క సరిగ్గా తేలుతుంది. తక్కువ వేశారనిపిస్తే 2016 చట్టం 59వ సెక్షను కింద అప్పీలు ఉంది.

మీ వారి ఉద్యోగం వల్ల ఇంకో దారి ఉంది. మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు, తల్లిదండ్రుల తర్వాత, జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చే వీలు రాష్ట్ర పింఛను నిబంధనల్లో ఉంది. దీనికి తొందరపడకండి. అక్కడ "సంపాదించుకోలేడు" అని డాక్టర్ల చేత రాయించాలి. ఉద్యోగం దగ్గరేమో "కొంత సర్దుబాటు చేస్తే పని చేయగలడు" అని మనం వాదించాలి. ముప్పై ఏళ్ల కుర్రాడి విషయంలో, వైద్యానికి బాగా లొంగే ఇలాంటి జబ్బులో, నేనైతే రెండో మాటవైపే నిలబడతాను. కాకినాడ జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. మొదటి ఫోను మీరు చేయండి.

పెళ్లి గురించి దాపరికం వద్దు. హిందూ వివాహ చట్టం పెళ్లికి అనర్హతగా చెప్పే మానసిక రుగ్మత తీవ్రత వేరు, సోషల్ యాంగ్జయిటీ వేరు. చట్టం అడ్డు రాదు. అడ్డొచ్చేది అబద్ధం. "హైదరాబాదులో సాఫ్ట్‌వేరు" అని చెప్పి పెళ్లి చేస్తే, ముఖ్యమైన విషయంలో మోసం జరిగిందని అమ్మాయి 12వ సెక్షను కింద పెళ్లి రద్దు కోరవచ్చు. ఆ తర్వాత మనోవర్తి కేసు వస్తే, "ఉద్యోగం లేదు" అంటే సరిపోదు. ఒళ్లు బాగున్న భర్త కష్టపడి సంపాదించి పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లోనూ చెప్పింది. అన్నిటికన్నా ముందు, తెలియకుండా వచ్చే ఆ అమ్మాయికి జరిగేది అన్యాయం. నిశ్చితార్థానికి ముందే రెండు కుటుంబాల పెద్దల ఎదుట కాకుండా, అబ్బాయీ అమ్మాయీ ఇద్దరే ఉన్నప్పుడు అతనే చెప్పనివ్వండి. మాట పెగలకపోతే రాసి ఇవ్వమనండి.

లాయరు ఖర్చు గురించి బెంగపడకండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను కింద ఆడవారికీ, వికలాంగులకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. అమలాపురం కోర్టులోని మండల న్యాయసేవల కమిటీకి గానీ, రాజమహేంద్రవరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ దరఖాస్తు పెట్టండి. వివరాలకు 15100కి ఫోను చేయవచ్చు. దరఖాస్తు కాగితం మీద రాసి ఇస్తే సరిపోతుంది, ఎవరి ముందూ నిలబడి ఉపన్యాసం చెప్పాల్సిన పని లేదు. డాక్టరు చీటీల నకళ్లు, పొలం పాసు పుస్తకం నకలు, మీ మరిది గారు రాయించమన్న జీపీఏ ముసాయిదా జతచేయండి. లాయరుతో మొదట మీరు మాట్లాడినా ఫరవాలేదు. వకాల్తా మీద సంతకం మాత్రం మీ అబ్బాయిదే ఉండాలి.