ఇంటి గోడ, పెరటి నీరు

వేదపాఠము: లేవీయకాండము 14:33–48, ద్వితీయోపదేశకాండము 11:10–12



అనుదిన పఠనములో లేవీయకాండము 14వ అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులు దానిని త్వరత్వరగా చదివి ముందుకు పోవుదురు. కుష్ఠము, పక్షులు, హిస్సోపు, ఇవి మనకెందుకని తోచును. నేనును చాలకాలము ఆలాగే చేసితిని. అయితే ఆ అధ్యాయపు చివరి భాగము ఒక ఇంటి గోడను గూర్చినది. గోడమీద పచ్చగానో ఎర్రగానో చారలు కనబడి, అవి లోపలికి దిగినట్లు ఉన్నయెడల ఏమి చేయవలెనో అక్కడ చెప్పబడినది. భాద్రపద మాసములో జహీరాబాదు ప్రక్కనున్న ఏ పల్లెకైనను పోయి, నాలుగు ఇండ్లలో మంచము వెనుక గోడను చూడుడి. అట్టి చారలు కనబడును. మోషే చెప్పిన తెగులును మన గోడల చెమ్మయు ఒక్కటేయని నేను చెప్పను. గాని గోడను చూచు విధము అక్కడ నేర్చుకొనవచ్చును.

ముందుగా ఇంటి యజమాని తానే యాజకునియొద్దకు పోయి తన ఇంటి సంగతి చెప్పవలెను. ఇదియే కష్టము. మనము చుట్టములు వచ్చునప్పుడు ఆ గోడకు క్యాలెండరు తగిలించుదుము. యాజకుడు వచ్చులోగా ఇంటిలోని సామాను అంతయు బయట పెట్టించవలెను. అతడు చూచి, ఏడు దినములు ఇల్లు మూయించి, మరల వచ్చి చూడవలెను. చారలు వ్యాపించిన యెడల ఆ రాళ్లను ఊడదీయించి, లోపలి గోడలు గీయించి, ఆ పెళ్లను ఊరి బయట పోయించి, వేరు రాళ్లు పెట్టి వేరు అడుసు పూయించవలెను. యజమాని ఏ తప్పు చేసెనని యాజకుడు అడుగడు. ఎవరి దిష్టి తగిలెనని విచారింపడు. గోడనే చూచును. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు: చారల మీద సున్నము వేయుమని ఎక్కడను లేదు.

మనము చేయునది ఏమి? క్రిస్మసునకు పది దినముల ముందు బకెట్టెడు సున్నము కలిపి వేయుదుము. క్రొత్త సంవత్సరము నాటికి గోడ తెల్లగా ఉండును. మరుసటి వానకాలమునకు చార ఒక జానెడు పైకి ఎక్కియుండును.

మా ఇంటి సంగతి చెప్పుదును. మా తండ్రి కట్టిన ఇల్లు ఎర్రరాయి, మట్టి అడుసుతో కట్టినది. ఈ ఎర్రరాయిని మన ప్రాంతములో ఎరుగనివారు లేరు. భూమిలో ఉన్నప్పుడు గొడ్డలితో చెక్కుటకు వీలగునంత మెత్తగా ఉండి, బయట గాలికి ఆరిన తరువాత గట్టిపడును. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన లేటరైట్ అను పేరు 1807లో వచ్చినది. ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు మలబారు దేశములో దీనిని ఇటుకల వలె కోసి ఇండ్లు కట్టుట చూచి, ఇటుకకు లాటిను భాషలోనున్న మాటనుబట్టి ఆ పేరు పెట్టెను. మంచి రాయి. అయితే దాని నిండ రంధ్రములు. పాదు తడిసిన యెడల దీపపు వత్తి నూనెను పీల్చినట్లు నీటిని పైకి పీల్చును. మట్టిపూత, సున్నపుపూత ఉన్నంతకాలము ఆ తడి కొంత బయటికి ఆరిపోవుచుండును.

మా తండ్రి గతించిన తరువాత నేనును తమ్ముడును ఇల్లు బాగుచేయ తలపెట్టితిమి. గూన పెంకులు తీసి రేకులు వేయించితిమి. పెంకుల చూరు గోడకు మూరెడు ముందుకు ఉండెడిది. రేకులు ఖరీదు గనుక జానెడు మాత్రమే ముందుకు వదలితిమి. గోడ అడుగున మట్టిపూత రాలుచున్నదని, అప్పు తెచ్చి, లోపల బయట నడుమెత్తున సిమెంటు పూయించితిమి. నునుపుగా, చూచుటకు ఎంతో బాగుగా ఉండెను. రెండు వానకాలములు గడచునప్పటికి సిమెంటు పైన, అంతకుముందు ఎన్నడును తడి ఎరుగని చోట, చార తేలినది. దాని అంచున తెల్లని ఉప్పు పొడివలె రాలుచుండెను. చేతితో తట్టిన చోటనెల్ల డొల్ల శబ్దము. మా అమ్మ మంచము ఆ గోడకే ఉండెడిది. ఆమెకు రాత్రులు దగ్గు. డాక్టరు మందు వ్రాసి, ఆ గది మార్చుడని చెప్పెను. మార్చుటకు మరియొక గది ఏది?

అప్పుడు తమ్ముడు అనెను: “అన్నా, ఈ ఇల్లు ఇక పనికిరాదు. వెనకున్న ఇరవై గుంటలు అమ్మేద్దాం. స్లాబు ఇల్లు కట్టుకుందాం.” బొంబాయి రోడ్డు వెంట భూముల ధర పెరిగినది గనుక అడుగువారు సిద్ధముగానే ఉండిరి. నేను కాదనలేకపోతిని. అప్పు ఉన్నది, దగ్గు ఉన్నది. ఆ ఇరవై గుంటలలో అప్పటికి ఉన్నదేమి? ఒక పెంటకుప్ప, సర్కారు తుమ్మ, ఎండాకాలము వచ్చుసరికి వాడిపోవు రెండు మునగ చెట్లు. అమ్మ మాత్రము ఒక్క మాట అనెను: “పొలం పోతే గోడ ఆరుతదా?”

బేరము కుదురక ముందు ఒక ముసలి మేస్త్రీని పిలిచి గోడ చూపితిమి. ఆయన గోడను ముట్టనేలేదు. బయటికి వచ్చి ఇంటి చుట్టు తిరిగి, “బిడ్డా, చూరు నీళ్లు యాడ పడుతున్నయి?” అని అడిగెను. గోడ మొదట్లోనే పడుచుండెను. అక్కడ నేల గుంటపడి, ఇంటివైపే వాలియుండెను. ఇంకొక మూల మేము స్నానములు చేయు బండ. ఆ నీరును గోడ మొదటికే. “నీళ్లను ఇంట్లకు మీరే పిలుస్తున్నరు” అనెను. ఆయనకు లేవీయకాండము తెలియదు గాని, గోడకంటె ముందు గోడ చుట్టు చూడవలెనని తెలియును.

ఆ దినమున కూర్చుండి లెక్క వేసితిని. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఇల్లు 600 చదరపు అడుగులు, అనగా ఇంచుమించు 55 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరు. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల గట్టి వాన పడిన యెడల 2,700 లీటర్లకు పైగా. 15 లీటర్ల బిందెతో కొలిచిన 180 బిందెలు. ఇంత నీటిని మా పునాదిలో పోసికొనుచు, ఇరువది అడుగుల అవతల మునగ చెట్టు ఎండిపోవుట చూచుచుంటిమి. గోడను పాడుచేయుచున్న నీరును, పెరటికి లేని నీరును ఒక్కటే. ఇది గ్రహించుటకు మాకు ఒక అప్పు పట్టినది.

ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయములో మోషే రెండు దేశములను పోల్చును. ఐగుప్తులో కూరతోటకు తడి కట్టినట్లు కాళ్లతో పాటుపడి నీరు పెట్టవలెను. కనాను కొండలు లోయలు గల దేశము, ఆకాశపు వాన త్రాగును. మన జహీరాబాదు నేల ఈ రెండవదానివంటిదే. గోదావరి కాలువలు మనకు లేవు. పైనుండి పడిన నీరే మనది. అది ఎక్కడికి పోవుచున్నదో చూచుకొనుట మన పని.

మన పూర్వులు ఇది చూచుకొనినవారే. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరములోనున్న బీదరులో, బహమనీ సుల్తానుల కాలమున, 15వ శతాబ్దములో, ఈ ఎర్రరాతినే తొలిచి భూమిలోపల సొరంగ కాలువలు చేసిరి. పైనున్న ఎర్రరాయి వాననీటిని ఇంకించుకొనును. క్రిందనున్న నల్లరాయి దానిని దిగనియ్యదు. ఆ రెండింటి నడుమ నిలిచిన నీటిని వాలునుబట్టి ఊరిలోనికి తెచ్చుకొనిరి. పారసీక దేశపు విద్య అది. నౌబాదు దగ్గర ఆ బావుల నోళ్లు నేటికిని చూడవచ్చును. ఎర్రరాయి నీరు పీల్చు గుణము మా గోడకు తెగులైనది, బీదరు పట్టణమునకు త్రాగునీరైనది.

పని ఈలాగు చేసితిమి. ముందు రేకులకు క్రింద గొట్టపు చీలిక కట్టి చూరు నీటిని ఒక ప్రక్కకు మళ్లించితిమి. గోడ చుట్టు మూడడుగుల వెడల్పున మొరము పోసి, బయటికి వాలునట్లు దిమ్మిసతో గట్టిపరచితిమి. స్నానపు బండను పెరటిలోనికి మార్చితిమి. తరువాత సిమెంటు పూత అంతయు ఊడగొట్టితిమి. అప్పు చేసి పూయించినదానిని సుత్తితో కొట్టుట మనసుకు తేలిక కాదు. ఊడగొట్టిన గోడను వేసవి అంతయు ఆలాగే విడిచితిమి. ఇరుగుపొరుగువారు నవ్విరి. ఏడు దినములు ఆగి చూడుమను మాటలోని బరువు అప్పుడు తెలిసినది. తడి గోడమీద ఏది పూసినను నిలువదు.

గోడ ఆరిన తరువాత ఒకపాలు సున్నము, మూడుపాళ్లు ఇసుక కలిపి పూయించితిమి. రాతిసున్నము నీటిలో వేయునప్పుడు ఉడుకును, పొంగును. పిల్లలను దూరముగా ఉంచవలెను. కంటిలో పడిన యెడల చూపు పోవచ్చును. దానిని కనీసము రెండు వారములు తడిలో నాననిచ్చిన మేలు. సున్నపుపూత సిమెంటువలె ఒక దినములో గట్టిపడదు గనుక కొన్ని దినములు తడుపుచు ఓపిక పట్టవలెను. సిమెంటు చెడ్డదని నేను అనుట లేదు. స్లాబునకు, నీటితొట్టికి అది కావలసినదే. మట్టి అడుసుతో కట్టిన పాత గోడకు మాత్రము అది ఊపిరాడనియ్యని చొక్కా.

ఇక పెరడు. చూరు నీటికి వాలుకు అడ్డముగా మూరెడు లోతున కందకము త్రవ్వి, తీసిన మట్టిని క్రిందివైపు గట్టుగా వేసితిమి. గట్టుమీద మునగ, కరివేపాకు, సీతాఫలము పెట్టితిమి. స్నానపు నీరు పారు చోట అరటి, చామ. కంచెకు అనుము, బీర, సొర ప్రాకించితిమి. తప్పులు లేకపోలేదు. బొప్పాయిని కందకములోనే నాటితిమి. నీరు నిలిచి మూడు మొక్కలును కుళ్లిపోయినవి. ఎరువు గుంటను గోడకు దగ్గరగా త్రవ్వబోగా మేస్త్రీ తాత కోప్పడెను. కోళ్లు మొదటి సంవత్సరపు తోటకూర నారును ఒక ఉదయమున ముగించెను. గోడ సందులో మొలచిన రావి మొక్కను పైపైన త్రుంచుచుంటిమి. అది వేరుతో తీయని యెడల రాళ్లనే విడదీయును.

ఇట్టి పని మన ప్రాంతమునకు క్రొత్త కాదు. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత స్త్రీల సంగములు, ఎకరమో రెండెకరాలో ఉన్న పలుచని ఎర్రనేలలో జొన్న, కొర్ర, కంది, అనుము మొదలగు పంటలు కలిపి వేసి, విత్తనములను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచుకొనిరి. పొలములో తనంతట మొలచు తుమ్మి, దొగ్గలి, చెంచలి కూరలను కలుపని పారవేయక ఆహారమని లెక్కించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమానము వారికి వచ్చినది. కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో స్థాపించిన అరణ్య సంస్థ బిడకన్నె గ్రామములో రాతినేలను తోటగా మార్చినది. 2017లో అనేక దేశముల వ్యవసాయదారులు అక్కడ కూడుకొనిరి. ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనువారు 1970ల నాట రూపించిన పర్మాకల్చర్ అను పద్ధతి వారిది. నేల కొనకముందు నీరు ఎటు పారునో చూడుము, దినదినము చేయి పెట్టవలసిన కూరమడిని ఇంటి తలుపుకు దగ్గరగా పెట్టుము అని అందులో నేర్పుదురు. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కోరినదియు అది తన ఇంటికి దగ్గర గనుక, కూరతోట చేసికొనుటకే (1 రాజులు 21:2). ఒక రాజు అంతగా ఆశపడినదానిని మనము పెంటకుప్పగా ఉంచుకొనుచున్నాము.

తమ్ముడు అమ్ముటకు ఒక సంవత్సరము ఆగుటకు ఒప్పుకొనెను. లూకా 13వ అధ్యాయములోని తోటమాలి అంజూరపు చెట్టుకొరకు అడిగిన గడువువంటిదే అది. చెట్టు చుట్టు త్రవ్వి ఎరువు వేయుదును, ఈ ఒక్క సంవత్సరము ఉండనిమ్మని అతడు బ్రతిమాలెను. ఆ చెట్టు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. మా మునగలు రెండవ ఏట కాచినవి. సంతలో కూరకు పెట్టు డబ్బు సగమునకు తగ్గినది. అప్పు ఇంకను కొంత ఉన్నది. ఇరువది గుంటల మాట తమ్ముడు ఇప్పుడు ఎత్తుట లేదు. ఆయన కుమార్తె చదువు దగ్గరికి వచ్చినప్పుడు మరల ఎత్తవచ్చును. అప్పుడు కూర్చుండి మాటలాడుకొందుము.

అమ్మకు రాత్రి దగ్గు తగ్గినది. మందువలననో గోడవలననో నేను తీర్పు చెప్పజాలను. ఈ వానకాలము ఈశాన్యపు మూల మరల కొంచెము చెమ్మగా ఉన్నది. మంచమును అటునుండి జరిపి, బొగ్గుతో చార అంచున గీత గీసి, తేదీ వేసితిమి. వానలు వెనుకపట్టిన తరువాత ఆ గీతను దాటెనో లేదో చూచి, దాటిన యెడల అక్కడ పూత తీయింతుము.