చలి రాకముందే అనుకోవాల్సిన మాటలు

డాలస్, ఆస్టిన్, అట్లాంటా, షార్లట్ లాంటి ఊళ్ళలో చిన్నపిల్లలతో ఉంటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. షికాగోలోనో బఫెలోలోనో ఉన్నవాళ్ళకి చలికాలమే ఏటా పాఠం చెబుతుంది. మంచు తీసే పార ఎక్కడుందో, బూట్లు ఎక్కడున్నాయో అక్కడ పిల్లలకి కూడా తెలుసు. దక్షిణాదిలో అలా కాదు. ఏళ్ళకేళ్ళు ఒక పలచటి స్వెటర్‌తో గడిచిపోతాయి. ఆ తరవాత ఒక ఏడాది వస్తుంది, 2021 ఫిబ్రవరి వచ్చినట్టు.

ఆ నెల 15న, మంచు తుఫాను మధ్య, ఇంకా తెల్లవారకముందే టెక్సాస్‌లో కరెంటు కోతలు మొదలయ్యాయి. వంతులవారీగా కాసేపు తీస్తామన్నారు గాని, చాలా ఇళ్ళకి రెండు మూడు రోజులపాటు కరెంటే రాలేదు. 45 లక్షలకు పైగా ఇళ్ళు, దుకాణాలు చీకట్లో ఉండిపోయాయి. మర్నాడు డాలస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 19 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. 1949 తరవాత ఆ ఊరు అంత చలి చూడలేదు. ఆ తుఫానులో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్యశాఖ తేల్చింది. అందులో ఎక్కువమందిని తీసుకుపోయింది చలే. కానీ కొందరు చలి కాచుకోబోయి పోయారు. మూసి ఉన్న గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్ళున్నారు. ఇంకొందరు మంచు రోడ్డు మీద బయల్దేరి పోయారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పిల్ల ఏడుస్తుంటే, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఫోన్ చార్జి అయిపోతుంటే ఎంత తెలివైనవాళ్ళకైనా మంచి ఆలోచన తట్టడం కష్టం. అందుకని ఆ ఆలోచనలేవో ఇల్లు వెచ్చగా ఉన్న రోజునే చేసేయండి. భార్యాభర్తలిద్దరూ ఒక సాయంత్రం కూర్చుని, కరెంటు పోతే ఏ గదిలో ఉంటాం, ఎవరింటికి వెళ్తాం, ఏ పని ప్రాణం పోయినా చెయ్యం అని అనుకోండి. అనుకున్నది ఫ్రిజ్ తలుపు మీద అతికించండి.

చెయ్యకూడని పనితోనే మొదలుపెడతాను, నాకు ఎక్కువ భయం దానిగురించే కనుక. ఇంట్లో బొగ్గులు రాజెయ్యకండి. మన ఇళ్ళల్లో బాలింత గదిలో కుంపటి పెట్టడం, పసిబిడ్డకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వెయ్యడం తరతరాలుగా ఉన్నవే. పురుడు పొయ్యడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి, ఇల్లు చల్లబడగానే పెరట్లో ఉన్న బార్బెక్యూ గ్రిల్ గుర్తుకురావడం సహజం. కానీ మన పాత పెంకుటిళ్ళలో గాలికి ఎన్నో దారులుండేవి. అమెరికాలో ఇళ్ళు వేడి బయటికి పోకుండా బిగించి కట్టినవి, విషవాయువు కూడా అంతే భద్రంగా లోపలే ఉండిపోతుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని లేవనివాళ్ళ వార్తలు మన దేశంలోనూ చలికాలంలో వింటూనే ఉంటాం. ఇది అమ్మమ్మకి ముందే, మర్యాదగా, కారణంతో సహా చెప్పండి. అర్ధరాత్రి చలిలో చెబితే అది వాదన అవుతుంది.

బొగ్గు, గ్యాసు, పెట్రోలు, ఏది కాలినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మగత, ఇవే దాని గుర్తులు. జ్వరం వచ్చేముందు కూడా ఇలాగే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే పిల్లల్ని ఎత్తుకుని ముందు బయటికి వచ్చేయండి, ఆ తరవాత 911కి ఫోన్ చేయండి. బయట ఎంత చలి ఉన్నా సరే. పిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ళకి విషం ముందు ఎక్కుతుంది. గ్యాస్ అవెన్ తలుపు తెరిచి గది వేడి చెయ్యకండి. గరాజ్ తలుపు పైకెత్తి ఉన్నా సరే, లోపల కారు నడపకండి. జనరేటర్ ఉంటే ఇంటికి, కిటికీలకి కనీసం 20 అడుగుల దూరంలో, బయటే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గర ఉందో లేదో, అందులో బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూసుకోండి. కరెంటు పోయినా మోగేది కావాలి.

గ్యాస్ హీటింగ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు చాలామంది. గ్యాసు వస్తున్నా, ఆ వేడిని గదుల్లోకి తోసే ఫ్యానుకి కరెంటు కావాలి. కరెంటు పోతే ఆ హీటరూ ఆగిపోతుంది. అందుకే ఒక గది అనుకోమన్నాను. చిన్నది, కిటికీలు తక్కువున్నది మేలు. కిటికీలకి దుప్పట్లు కట్టండి, తలుపు కింది సందులో తువ్వాలు చుట్టి పెట్టండి, అందరూ అక్కడే ఉండండి. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పి పిల్లల్ని కింద కూర్చోబెడితే వాళ్ళకి అది ఆట, పైగా లోపల నిజంగానే కాస్త వెచ్చగా ఉంటుంది. ఒకే లావుపాటి కోటుకన్నా పలచటివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వెయ్యడం మంచిది. తలకి మంకీ క్యాప్. సాక్స్ తడిస్తే అప్పటికప్పుడు మార్చండి. నలుగు స్నానాలు, తలంట్లు కరెంటు వచ్చేదాకా ఆపండి. తడి జుట్టుతో చల్లటి ఇంట్లో పసిపిల్లని ఉంచకూడదు.

ఏడాది లోపు బిడ్డల విషయం వేరుగా చెప్పాలి. చలి అని ఉయ్యాల్లో, తొట్టిలో వదులు దుప్పట్లు కప్పితే అవి ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఒంటికి తొడిగే నిద్రసంచులు, స్లీప్ శాక్ అంటారే, అవి ఒకటి రెండు ముందే కొనిపెట్టుకోండి. పసివాళ్ళకి వణికి వేడి పుట్టించుకునే శక్తి చాలదు. అందుకని వణకడం లేదు కదా అని ఊరుకోకండి. ఒళ్ళు చల్లగా, చర్మం బాగా ఎర్రగా ఉండి, బిడ్డ డీలాగా, పాలు తాగడానికి కూడా ఓపిక లేనట్టుంటే థర్మామీటర్ పెట్టి చూడండి. 95 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే అది ఎమర్జెన్సీ. సాయం వచ్చేలోగా బిడ్డని మీ ఒంటికి ఆనించుకుని, పైన దుప్పటి చుట్టుకోండి. ముఖం మాత్రం కనబడుతూ ఉండాలి. అలా ఒడిలో పెట్టుకుని రాత్రి గడపాల్సి వస్తే ఇద్దరూ నిద్రపోకండి, వంతులు వేసుకోండి.

పెద్దపిల్లలు మంచు చూసి ఆగరు, ఆగమని చెప్పడం కూడా భావ్యం కాదు. వాళ్ళ జీవితంలో అదే మొదటి మంచు కావచ్చు. ఆడుకోనివ్వండి, మధ్యమధ్య లోపలికి పిలవండి. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండి గంటకి 15 మైళ్ళ గాలి వీస్తుంటే, కప్పని చర్మం అరగంటలో గడ్డకడుతుంది. వేళ్ళు, చెవులు, ముక్కుకొన తెల్లగానో బూడిదరంగుగానో మారి స్పర్శ తెలియడం లేదంటే రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి డాక్టర్‌కి చూపించండి. హీటర్ దగ్గర పెడితే, స్పర్శ లేదు కనుక కాలినా తెలియదు.

తిండి సంగతిలో మనం అదృష్టవంతులం. రైస్ కుక్కరూ ఇండక్షన్ పొయ్యీ పనిచెయ్యకపోయినా ఆకలికి మార్గం ఉంది. అటుకులు తడిపి పెరుగు కలిపితే పిల్లల భోజనం. మరమరాలు, పుట్నాలు, సున్నుండలు, జంతికలు, వేరుశనగ ఉండలు వారంరోజులు నిలుస్తాయి. తుఫాను వస్తుందన్న సాయంత్రం పులిహోర కలిపి ఉంచితే మర్నాటి పూట గడుస్తుంది. ఫ్లాస్కులన్నీ వేడినీళ్ళతో నింపి పెట్టండి. నీళ్ళు మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున కనీసం మూడు రోజులకి ఉండాలి. 2021లో టెక్సాస్‌లో కోటి మందికి పైగా జనం కుళాయి నీళ్ళు కాచుకునే తాగాల్సి వచ్చింది. కరెంటు పొయ్యి ఉన్నవాళ్ళు ఎలా కాస్తారు? డబ్బాపాలు తాగే బిడ్డ ఉంటే నీళ్ళు కలపక్కర్లేని రకం పాలు మూడు రోజులకి సరిపడా కొనిపెట్టుకోండి. బాత్రూం అవసరాలకి టబ్బు నింపి ఉంచమని అందరూ చెబుతారు, మంచిదే. కానీ నడక నేర్చిన పిల్ల ఉన్న ఇంట్లో నిండిన టబ్బు నుయ్యితో సమానం. ఆ బాత్రూం తలుపు మూసి గడియ పెట్టండి.

ఫ్రిజ్ తెరవకుండా ఉంటే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లదనం నిలుపుకుంటాయి. వెలుతురుకి కొవ్వొత్తుల కన్నా టార్చిలైట్లు మేలు. పెద్దవాళ్ళు దేవుడి దగ్గర దీపం పెడతామంటే వద్దనక్కర్లేదు, గదిలో ఎవరో ఒకరు మెలకువగా ఉన్నంతసేపే ఉండనివ్వండి. కరెంటు ఉన్నప్పుడు వాడే చిన్న హీటర్‌ని పరుపుకి, కర్టెన్లకి మూడడుగుల దూరంలో పెట్టండి. దాని తీగ నేరుగా గోడ ప్లగ్గులోనే గుచ్చాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాదు.

ఇక రోడ్డు. 2014 జనవరి 28న అట్లాంటాలో రెండంగుళాలకి కాస్త ఎక్కువ మంచు పడింది. మధ్యాహ్నం ఆఫీసులు, బడులు ఒకేసారి వదిలేశారు. అందరూ ఒకేసారి రోడ్డెక్కడంతో ఊరంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వేలమంది పిల్లలు ఆ రాత్రి బడిలోనే పడుకున్నారు, కొందరు స్కూల్ బస్సుల్లోనే చిక్కుకుపోయారు. టీచర్లు వాళ్ళని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ రోజు తల్లిదండ్రుల బాధ నేను ఊహించగలను. అయినా చెబుతున్నాను, పిల్ల బడిలో వెచ్చగా, పెద్దవాళ్ళ మధ్య ఉందని తెలిస్తే జారే రోడ్డు మీద ప్రాణాలకి తెగించి వెళ్ళకండి. మంచు పడుతుందన్న రోజు ఉదయమే బడి సంచిలో ఇంకో స్వెటర్, పొడి సాక్స్, రోజూ వేసుకునే మందుంటే అది, రెండు సున్నుండలు పెట్టండి. మీరు రాలేకపోతే నడిచి వచ్చి తీసుకెళ్ళగల స్నేహితుల పేర్లు బడిలో ముందే రాయించండి. అన్నిటికన్నా మేలైనది, వార్నింగ్ వచ్చిన రోజు వాళ్ళని ఇంట్లోనే ఉంచుకోవడం. వాతావరణశాఖ హెచ్చరికల్లో వాచ్ అంటే తుఫాను రావచ్చని, వార్నింగ్ అంటే వచ్చేసిందనో వచ్చేస్తోందనో అర్థం. వాచ్ ఉన్నప్పుడే సరుకులు, మందులు, పెట్రోలు అన్నీ ముగించండి.

బ్లాక్ ఐస్ కంటికి కనబడదు, తడిసిన తారురోడ్డులాగే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 11న తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్ హైవే మీద వందకి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు పోయింది దానివల్లే. తప్పనిసరై బయల్దేరితే కారు సీటులో పిల్లకి ఉబ్బెత్తు జాకెట్ వేసి బెల్టు పెట్టకండి. గుద్దుకున్నప్పుడు ఆ ఉబ్బు అణిగి బెల్టు వదులైపోతుంది, పిల్ల జారిపోతుంది. పలచటి బట్టల మీద బెల్టు బిగించి, జాకెట్ పైన తిరగేసి కప్పండి. దారిలో చిక్కుకుంటే కారు దిగి నడవకండి. గంటకో పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి, అంతకన్నా ముందు పొగగొట్టానికి అడ్డంగా పేరుకున్న మంచు తీసెయ్యండి, ఒక అద్దం కొంచెం దించండి. కారులో దుప్పట్లు, నీళ్ళు, డయాపర్లు చలికాలమంతా ఉండాలి.

వేరేవాళ్ళింటికి ఏ వేళకి వెళ్ళాలో కూడా ముందే అనుకోండి. 2021లో ఆసుపత్రి, ఫైర్ స్టేషన్ ఉన్న లైను మీద ఉన్న ఇళ్ళకి చాలాచోట్ల కరెంటు పోలేదు. రెండు వీధుల అవతల స్నేహితుల ఇంట్లో వెలుగుండవచ్చు. మధ్యాహ్నం దాటినా కరెంటు రాకపోతే, వెలుతురుండగానే, రోడ్డు బాగుంటేనే వెళ్ళండి. లేదంటే తెల్లవారేదాకా కదలకండి. మొహమాటపడకండి. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో వినాయకచవితికి ఇరవై కుటుంబాల్ని పిలిచేవాళ్ళం, ఇలాంటప్పుడు ఒక కుటుంబానికి తలుపు తియ్యమా? ఎవరూ దొరక్కపోతే టెక్సాస్‌లో 211కి ఫోన్ చేస్తే దగ్గర్లో తెరిచిన వెచ్చటి కేంద్రాలు చెబుతారు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా చూసుకోండి. చెప్పులతో చెత్త పారెయ్యడానికి వాకిట్లోకి వెళ్ళి జారిపడడం చాలా మామూలుగా జరుగుతుంది. మాట తడబడుతుంటే, అయోమయంగా ఉంటే వయసు వల్ల అనుకోకండి, చలి ఒంట్లోకి దిగినప్పుడు కూడా అలాగే ఉంటుంది. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఫ్యామిలీ గ్రూపులో రోజుకి రెండే మెసేజ్‌లు, ఫలానా వేళకి పెడతామని ముందే చెప్పండి. మనకి అర్ధరాత్రి వాళ్ళకి పట్టపగలు, వాళ్ళు ఆందోళనతో చేసే వీడియో కాల్స్‌తో ఫోన్ ఖాళీ అవుతుంది.

ఇక పైపుల సంగతి. కుళాయిలు సన్నగా వదిలి ఉంచడం, సింకు కింద అల్మరా తలుపులు తెరిచి పెట్టడం, ఇంటి మొత్తానికి నీళ్ళు ఆపే వాల్వ్ ఎక్కడుందో తెలుసుకోవడం, ఈ మూడూ చాలు. పైపు పగిలిందని చాలాసార్లు మంచు కరిగాకే తెలుస్తుంది.

కరెంటు వచ్చి, బడులు తెరిచాక కూడా కొందరు పిల్లలు లైటు ఒక్కసారి మినుకుమంటే చాలు, వచ్చి మన కొంగు పట్టుకుంటారు. మళ్ళీ పోతుందా అని అడిగితే పోదని మాట ఇవ్వకండి. పోవచ్చు, పోతే మనం ఏ గదిలో ఉంటామో నీకు తెలుసు కదా అని చెప్పండి. వచ్చే నవంబర్‌లో టార్చిలైట్ల డబ్బా దించి బ్యాటరీలు చూసే పని వాళ్ళకే ఇవ్వండి. అటుకులు ఎన్ని ప్యాకెట్లు కావాలో కూడా వాళ్ళనే లెక్కపెట్టమనండి.