రైతుసంఘములు – పోల్చి చూచు సేద్యము

పదియేండ్లు నేలతో పెనగి యొక రైతు నేర్చిన సంగతి గట్టు దాటనిచో, పొరుగువాడు మరల పదియేండ్లు నష్టపడవలసినదే. అందును విత్తనమును అప్పుపై తెచ్చినవానికి ఒక్క యేడు తప్పుటయే చాలును. ఈ చిక్కును తీర్చుకొనుటకే పందొమ్మిదవ శతాబ్దమున సేద్యగాండ్రు పలుదేశములలో సంఘములుగా కూడిరి. లండనులో 1842 లో అట్టి క్లబ్బు ఏర్పడెను.

మన దేశమున అంతకు ముందే, 1820 లో, శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీ కలకత్తాయందు వ్యవసాయోద్యాన సంఘమును నెలకొల్పెను. దేశీయులును సభ్యులు కావలెనని ఆయన మొదటనే కోరెను. 1835 లో చెన్నపట్టణమున అట్టిదే యొకటి వెలసెను. వృక్షశాస్త్రజ్ఞుడగు డాక్టరు రాబర్టు వైటు దాని స్థాపకులలో నొకడు. ఈ సంఘములలో దొరలును ఉద్యోగులును హెచ్చు. నాగలి పట్టినవాడు తక్కువ. అదియే వాని లోపమని మా యభిప్రాయము.

వైటు దొర 1842 నుండి 1853 వరకు కోయంబత్తూరున అమెరికా ప్రత్తిని పరీక్షించెను. ప్రభుత్వ క్షేత్రములలో పండినను రైతుల చేలలో నది వ్యాపింపలేదు. అమెరికా ప్రత్తియే ధారవాడలో నాటుకొనెను. కావున విత్తనము మంచిదా చెడ్డదా యని యడుగుట చాలదు. ఏ నేల, ఏ వాన, ఏ అదను అని యడుగవలెను. మదనపల్లెలో బావిక్రింది టమాటాకు వేసిన యెరువులెక్క కుప్పము మెట్టలోని వేరుసెనగకు పనికిరాదు. పుంగనూరు పొట్టియావు ఎండుమేతతోనే పాలిచ్చునని యెల్లరు చెప్పుదురు. ఎంత మేతకు ఎన్ని పాలో కొలిచి వ్రాసిన సభ్యులెందరు?

ఇంగ్లండులో రోథాంస్టెడ్డు అనుచోట 1843 లో గోధుమచేనిని పట్టెలుగా విభజించి, ఒక పట్టెకు ఎరువు వేయక విడిచిరి. ఆ పోలిక నేటికిని సాగుచున్నది. మనకంత శ్రమ యక్కరలేదు. వేరుసెనగ చేనిలో ఒకే తీరు నేలయందు పది సెంట్ల చొప్పున రెండు పట్టెలు కొలువుడు. గట్టు ప్రక్కను, చెట్టునీడను, పెంటదిబ్బ చెంతను వలదు. రెంటిని ఒకే దినమున విత్తుడు. ఒక్క సంగతినే మార్చుడు. విత్తనము మార్చితిరా, ఎరువు మార్చకుడు. విత్తిన తేదిని, వాన పడిన దినములను, విత్తనపు తూకమును, కూలిని వ్రాసి యుంచుడు. కాయలను బాగుగా నెండబెట్టి వేర్వేరుగ తూచుడు. పచ్చికాయల తూకము మోసపుచ్చును. ఆ లెక్కను నెలసమావేశమునకు తెండు. తప్పిన పట్టె లెక్కయు తెండు. ఆ విత్తనమునే కొనబోవు సభ్యునికి మొదట కావలసినది అదియే.